స్టూవర్టుపురం పిల్లలకు జవాబు చెప్పేదెవరు?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న ఒక సమావేశంలో గుంటూరు, ప్రకాశం ప్రాంత మిత్రుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మేం గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళ నుంచి వచ్చాం. పత్తి, మిరప, పొగాకు పండే నేల మాది. ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్ళ ముందుకు వచ్చి కోస్తావాళ్ళు ఏం చెబుతారని కొందరికి అనిపించి ఉండొచ్చు. అనిపించాలి కూడా. మీకు నీతులు చెప్పడానికి మేం రాలేదు. మా జిల్లాల్లో జరిగిన ఒక అన్యాయం, మా వాళ్ళు ఇప్పటికీ తేల్చని ఒక లెక్క మీ ముందు విప్పుదామని వచ్చాం. మీ ముందే ఎందుకంటే, పాత కాగితాలు తవ్వి అన్యాయాన్ని రుజువు చేయడం ఎట్లాగో మీకు తెలుసు. 610 జీవో 1985లో వచ్చింది. అది అమలు కాలేదని చూపించడానికి ఉద్యోగ సంఘాలు శాఖల వారీగా, జోన్ల వారీగా లెక్కలు తీశాయి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని డిగ్రీ పిల్లల నోటికి వచ్చేలా చేశారు. ఆ ఓపిక ఇప్పుడు ఇంకో పనికి కావాలి.

ఈ పని పిల్లల గురించి. తల్లుల దగ్గర నుంచి సర్కారు చేతుల్లోకి పోయిన పిల్లల గురించి.

ముందు కొంచెం దూరం నుంచి మొదలుపెడతాం. కెనడా దేశంలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయి చర్చిలు నడిపే వసతి బడుల్లో పెట్టారు. డబ్బు సర్కారుది, పెత్తనం చర్చిది. వందేళ్ళకు పైగా ఇది సాగింది. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ బడుల గుండా వెళ్ళారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. జుట్టు కత్తిరించారు. చాలా బడుల్లో సగం రోజు చదువు, సగం రోజు చాకిరి. ఆ బడుల్లో చివరిది 1990ల చివర గానీ మూతపడలేదు. అక్కడి సత్య శోధన కమిషన్ 2015లో నివేదిక ఇచ్చేనాటికి 3,200 మందికి పైగా పిల్లల చావులు లెక్క తేలాయి. అందులో దాదాపు మూడో వంతు పిల్లలకు కాగితం మీద పేరు కూడా రాసి లేదు.

ఇదంతా సర్కారుకు జాలి కలిగి బయటికి రాలేదు. 1990లో ఫిల్ ఫాంటేన్ అనే ఆదివాసీ నాయకుడు చిన్నప్పుడు బడిలో తనకు జరిగిన హింసను బహిరంగంగా చెప్పాడు. ఆ తర్వాత వేలమంది కోర్టుకెక్కారు. కేసుల బరువు మోయలేక 2006లో సర్కారు, చర్చిలు ఒప్పందానికి వచ్చాయి. మరుసటేడు అది అమల్లోకి వచ్చింది. వసతి బడిలో ఉన్నందుకు మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపై ప్రతి ఏడాదికి 3,000 డాలర్లు. కొట్టినందుకు, చెరిచినందుకు విడిగా విచారణ, విడిగా పరిహారం. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో లేచి క్షమాపణ అడిగాడు. మర్రే సింక్లెయిర్ అనే ఆదివాసీ జడ్జి అధ్యక్షుడిగా కమిషన్ ఊరూరూ తిరిగి 6,000 మందికి పైగా సాక్షుల మాట విని, చేయాల్సిన 94 పనుల జాబితా రాసిచ్చింది. 2022 జూలైలో పోప్ స్వయంగా అక్కడికి వెళ్ళి క్షమాపణ చెప్పాడు. అంతకుముందు 2008 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, ఆ తర్వాత 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు బైడెన్ తమ తమ దేశాల్లో ఇదే పని చేశారు.

దూరపు కొండలు నునుపు. కెనడాలో అంతా చక్కబడిందని మేం అనడం లేదు. ఆ 94 పనుల్లో ఎన్ని చేశారని అక్కడి ఆదివాసులు ఏటా నిలదీస్తూనే ఉన్నారు. అయినా ఒక సంగతి చూడండి. అక్కడ కనీసం అడిగే చోటు ఉంది, జవాబు చెప్పాల్సినవాడు ఎవరో తేలింది. మన దగ్గర ఆ మాటే పుట్టలేదు. అటువంటి బడులు మన దేశంలో లేవు గదా అనుకుంటాం. ఉన్నాయి. కాగితం మీద, చట్టం రూపంలో ఉన్నాయి.

ఆరేళ్ళ బిడ్డ కూడా నేరస్తుడే

నేరస్త తెగల చట్టాన్ని తెల్లదొరలు మొదట 1871లో ఉత్తరాదిన తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తించేలా చేశారు. అప్పుడే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లోని ఎరుకల, దొంగ దాసరి, దొంగ ఒడ్డెర వంటి పేర్లు గెజిటు కెక్కాయి. ఆ కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులో రాస్తారు, వేలిముద్ర తీస్తారు. ఎక్కడ పడుకున్నారో, ఏ ఊరికి పోతున్నారో పోలీసుకు చెప్పుకోవాలి. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించకూడదని చట్టంలోనే రాసుకున్నారు.

ఈ సంగతులు మీలో చాలామంది చదివే ఉంటారు. అదే చట్టంలోని 17వ సెక్షను గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. సెటిల్‌మెంటులో పెట్టిన తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, తీసుకుపోయి, సర్కారు పెట్టిన పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో ఉంచవచ్చని ఆ సెక్షను చెబుతుంది. పిల్లలంటే ఎవరు? ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళు. వాళ్ళకు ఏ నియమాలు వర్తిస్తాయి? నేరం చేసి శిక్ష పడ్డ బాలలకు 1897 చట్టంలో పెట్టిన నియమాలే. అంటే ఏ నేరమూ చేయని ఆరేళ్ళ ఆడపిల్లను చట్టం బాలనేరస్తురాలి వరసలో నిలబెట్టింది. కెనడా తన వసతి బడుల్ని నిర్బంధం చేస్తూ చట్టం సవరించింది 1920లో. మన మీద రాసిన సెక్షను దానికంటే తొమ్మిదేళ్ళు ముందుది. 1924లో చట్టాన్ని మళ్ళీ రాసినప్పుడు కూడా ఆ సెక్షనును అట్లాగే ఉంచారు.

ఈ చట్టం కింద మా ప్రాంతంలో పుట్టిన ఊరు స్టూవర్టుపురం. బాపట్ల నుంచి చీరాల పోయే రైలు దారిలో వస్తుంది. నాటి గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి సర్కారు ఎరుకల కుటుంబాల్ని అప్పగించి ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టించింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరే ఊరికి పెట్టారు. ఖైదీకి జైలరు పేరు పెట్టినట్టు! కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకో సెటిల్‌మెంటు పెట్టి రాళ్ళు కొట్టించారు. నెల్లూరు జిల్లా కావలి, కప్పరాళ్ళతిప్పల వైపు బాప్టిస్టు మిషను చేతికిచ్చారు.

సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చింది బూత్ టక్కర్. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. నేరాన్ని ఒక జబ్బులాగా, తమ సంస్థను దానికి వైద్యుడిలాగా ఆయన రాసుకొచ్చాడు. తల్లిదండ్రుల నీడ పడకుండా పెంచితే తప్ప పిల్లల్లో ఆ జబ్బు పోదన్నది ఆ రోజుల్లో దొరలూ, మిషనరీలూ కలిసి నమ్మిన వైద్యం. అమ్మ ఒళ్ళో ఉండటమే రోగ కారణం అన్నమాట. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రికార్డులు తవ్వి 2001లో అచ్చువేసిన పుస్తకంలో స్టూవర్టుపురం కథ చాలా భాగం ఉంది. ఇంగ్లీషు వచ్చిన విద్యార్థులు తప్పక చదవండి. తెలుగులో అంత పని మనవాళ్ళెవరూ చేయకపోవడం మా జిల్లాలకు సిగ్గుచేటు.

ఉప్పు మోసినవాళ్ళు

ఎరుకలవాళ్ళు దొంగలు ఎందుకయ్యారు? ఈ ప్రశ్నకు మా ఊళ్ళలో జవాబు తయారుగా ఉంటుంది, అది వాళ్ళ రక్తంలోనే ఉందని. అది అబద్ధం. వాళ్ళు వర్తకులు. సముద్రం ఒడ్డున ఉప్పు కొటార్ల నుంచి ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు పోయేవాళ్ళు, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్ళు. బుట్టలు అల్లారు, పందులు మేపారు, ఆడవాళ్ళు ఎరుక చెప్పారు. ఆ ఉప్పు లేకపోతే మెట్ట ప్రాంతం వాళ్ళకు గంజిలోకి ఉప్పురాయి ఉండేది కాదు. కంపెనీ, ఆ తర్వాత రాణిగారి సర్కారు ఉప్పును గుత్తాధిపత్యం చేసుకున్నాయి. రైలు వచ్చి మూటలు మోసుకుపోయింది. అడవి చట్టాలు వెదురుకు, మేతకు అడ్డుపడ్డాయి. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు మిగిలింది ఊడ్చేసింది. బతుకు తెరువు తీసేసిన సర్కారే, ఊరూరా తిరుగుతున్నారు గనుక వీళ్ళు దొంగలని రాసుకుంది. తిరగడమే నేరమైతే రైల్వే గార్డును కూడా పట్టుకోవాలి గదా.

ఇంక సెటిల్‌మెంటు వల్ల ఎవరు బాగుపడ్డారు? ఇది మేం చెప్పక తప్పని సంగతి. పొగాకు కంపెనీ చీరాలలో ఫ్యాక్టరీ పెట్టాక సెటిల్‌మెంటు మనుషుల్ని కూలికి తీసుకుంది. పారిపోలేని కూలీ, హాజరు పట్టీలో పేరున్న కూలీ, సమ్మె చేస్తే పోలీసు ఉన్న కూలీ. ఇంతకంటే చవక ఎక్కడ దొరుకుతుంది? చుట్టుపక్కల ఆసాములకు కూడా ఇది గిట్టుబాటే అయింది. దొంగతనం ఎక్కడ జరిగినా పేరు పెట్టడానికి ఒక ఊరు తయారుగా ఉంది. మా తాతల తరం తెల్లవాడి మీద తిరగబడింది, చీరాల పేరాల ఉద్యమం చేసింది, పల్నాట పుల్లరి కట్టనని నిలబడింది. ఆ గర్వం మాకుంది. అదే తరం పక్క ఊళ్ళో కంచె లోపల హాజరు వేయించుకుంటున్న మనుషుల్ని చూసి ఏం చేసిందని అడిగితే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటి ఒకరిద్దరు ఆ చట్టం పోవాలని ఏళ్ళ తరబడి పనిచేశారు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ ఒక తెగను తెగగా నేరస్తులనడం నాగరికతకే విరుద్ధమన్నారు. మిగతావాళ్ళం తలుపులు గడియ పెట్టుకున్నాం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీని తిట్టేవాళ్ళే కాదు, ప్రేమగా తలుచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ బడిలో అక్షరం నేర్చుకుని టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు అయినవాళ్ళు ఉన్నారు. ఆదివారం ఆ చర్చికే వెళతారు. వాళ్ళ విశ్వాసాన్ని ప్రశ్నించే హక్కు మనకు లేదు. అక్షరం వచ్చింది గనుక బిడ్డను లాక్కోవడం ఒప్పయిందని అనే హక్కు కూడా ఎవరికీ లేదు. ఆ అక్షరాన్ని తల్లి పక్కన కూర్చోబెట్టి కూడా చెప్పొచ్చు. ఎరుకల భాష వేరు, అది తమిళానికి దగ్గరి భాష. దానికి బడిలో చోటు నాడూ లేదు, నేడూ లేదు. మనవళ్ళకు రాని భాషలో నాయనమ్మ ఒక్కతే గొణుక్కుంటే ఆ నష్టాన్ని ఏ పద్దులో రాయాలి?

ఇక్కడ గురుకులాల్లో చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు గనుక ఇంకో మాట. వసతి బడి అంటేనే చెడ్డదని మేం చెప్పడం లేదు. శంకరన్ గారి వంటి అధికారి దళిత, గిరిజన పిల్లల కోసం హాస్టళ్ళు, గురుకులాలు నిలబెట్టబట్టే రెండు తరాలు చదువుకున్నాయి. మా దగ్గర మిరప కోతల కాలంలో కర్నూలు నుంచి, ప్రకాశం పడమటి మండలాల నుంచి కుటుంబాలు కుటుంబాలే వలస వస్తాయి. పిల్లలు గట్ల మీదే పడుకుంటారు, ఘాటుకు కళ్ళు మండుతూ తిరుగుతారు. వాళ్ళ కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టమని తల్లిదండ్రులే అడుగుతున్నారు. అమ్మ అడిగి పంపే హాస్టలుకు, పోలీసు వచ్చి తీసుకుపోయే బడికి తేడా తెలియనంత అమాయకులం కాదు ఎవరమూ.

రద్దయిన చట్టం, పోని పేరు

మద్రాసు రాజధానిలో ఈ చట్టం 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగారు కమిటీ విచారించాక దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అప్పటిదాకా ఆ చట్టం కింద 127 తెగలు, కోటీ 30 లక్షల మంది మగ్గారని చెబుతారు. విముక్త జాతులని కొత్త పేరు పెట్టారు. ఆ రోజును ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటారు. స్వతంత్రం వచ్చిన ఐదేళ్ళకు వీళ్ళకు వచ్చిన స్వతంత్రం అది.

తలుపు తీసినట్టే తీసి కిటికీలో కాపలా పెట్టారు. మద్రాసు సర్కారు 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత చట్టం చేసుకుంది. కులం పేరు తీసేశారు, రిజిస్టరు పోలేదు. ఈ చట్టాల్ని రద్దు చేయమని 2007లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ మన దేశానికి చెప్పింది. 2008లో రేణకే కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ఇదాతే కమిషన్ ఇచ్చింది. నివేదికలు బీరువాలకెక్కితే ఏమవుతుందో మీకు మేం చెప్పాలా? 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం, విముక్త జాతుల్ని పుట్టు నేరస్తులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. సుకన్య శాంత అనే ఒక విలేకరి పట్టుబట్టి రాసి, కోర్టుకు పోతే వచ్చిన తీర్పు అది. చట్టం రద్దయి 72 ఏళ్ళు గడిచాక కూడా ఆ మాట సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ విషం ఎంత లోతున ఉందో చూడండి.

పోలీసు కాగితాల కంటే మొండిది సినిమా. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి దొంగలని, ఇంకొకటి పోలీస్ స్టేషన్ అని. 2023లో మళ్ళీ ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. తమ ఊరిని, తమ జాతిని కించపరుస్తోందని అక్కడివాళ్ళు మొత్తుకున్నారు, గొడవ హైకోర్టు దాకా పోయింది. సినిమా ఆడింది, పోయింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో సొంత ఊరి పేరు చెప్పడానికి తటపటాయించే పిల్లాడు అక్కడే ఉన్నాడు. రైలు ఆ స్టేషను దాటుతుంటే సంచులు ఒళ్ళోకి లాక్కునే మనుషుల్ని మేం చూస్తూనే పెరిగాం.

1970లలో హేమలతా లవణం, లవణం గార్లు ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. పిల్లల చదువు కోసం, కేసుల నుంచి బయటపడేయడం కోసం వాళ్ళు పడ్డ కష్టానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ పనికి సర్కారూ, పత్రికలూ తగిలించిన పేరు మాత్రం నేరస్తుల సంస్కరణ. సంస్కరించాల్సింది ఎరుకలవాళ్ళనే అన్న పాత లెక్క మారలేదు. దొరల సర్కారు, దేశీ సర్కారు, మిషనరీ, నాస్తికుడు, అందరూ ఆ ఊరికి మార్చడానికే వెళ్ళారు. మేం చేసింది తప్పు అని చెప్పడానికి ఎవరైనా వెళ్ళారా?

రాజీ అనే మాట

కెనడావాళ్ళు వాడే మాటను తెలుగులో రాజీ అని, సయోధ్య అని అంటున్నారు. మా ప్రాంతంలో రాజీ మాట వింటే మాకు భయం. రాజీ అంటే రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుని, దెబ్బలు తిన్నవాణ్ణి నిలబెట్టి, జరిగిందేదో జరిగింది, ఊళ్ళో బతకాల్సినవాడివి, కేసు వెనక్కి తీసుకో అనడం. స్టూవర్టుపురానికి కొద్ది దూరంలోనే కారంచేడు ఉంది. 1985 జూలై 17న అక్కడి మాదిగపల్లె మీద దాడి జరిగింది. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల చేరారు, మళ్ళీ ఆ ఊరి గడప తొక్కమన్నారు, చీరాలలోనే విజయనగర కాలనీ కట్టుకున్నారు. సుప్రీంకోర్టు చివరి మాట 2008లో గానీ రాలేదు. ఇరవై మూడేళ్ళు. చుండూరు సంగతి ఇంకా ఘోరం. 1991లో హత్యలు, 2007లో ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో శిక్షలు, 2014లో హైకోర్టులో అందరూ నిర్దోషులు.

కారంచేడువాళ్ళు రాజీ ఒప్పుకోకపోబట్టే 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి ఒక దారి పడింది. అందుకని మేమనేదేమంటే, ముందు నిజం, తర్వాత నష్టపరిహారం, ఆ తర్వాత మిగిలితే సయోధ్య. వరస తప్పితే అది మళ్ళీ పెద్దమనుషుల పంచాయితీయే. క్షమించడం, క్షమించకపోవడం అన్నది సెటిల్‌మెంటు మనవళ్ళ ఇష్టం. ఊరి పేరు మార్చాలా, అదే పేరును తలెత్తుకుని మోయాలా అన్నది కూడా వాళ్ళే తేల్చుకోవాలి. దాని మీద బయటివాళ్ళం తీర్మానాలు చేయకూడదు.

మరి మనం అడగగలిగింది ఏమిటి?

మొదటిది రికార్డు. సెటిల్‌మెంటు కాగితాలు నాటి మద్రాసు సర్కారు జీవోల్లో ఉన్నాయి, అవి చెన్నై ఎగ్మూరు పురాభిలేఖాగారంలో ఉన్నాయి. మన వైపు కాగితాలకు తార్నాకలోని పురాభిలేఖాగారం ఉంది. సాల్వేషన్ ఆర్మీ తన చరిత్ర పత్రాల్ని లండనులో భద్రంగా దాచుకుంటుంది. ఎంతమంది పిల్లల్ని తల్లుల నుంచి తీశారు, ఎక్కడ ఉంచారు, ఎవరు తిరిగి వచ్చారు, ఎవరు రాలేదు, సెటిల్‌మెంటు కింద ఇచ్చిన భూమి ఎంత, అది ఎవరి పేరున ఎక్కింది, ఇవన్నీ పేర్లతో సహా బయటపెట్టి ఆ ఊరి చేతిలో పెట్టాలి. పోలీసు దగ్గర వాళ్ళ తాతల వేలిముద్రలు ఉన్నప్పుడు వాళ్ళ దగ్గర తాతల పేర్లన్నా ఉండొద్దా?

రెండోది క్షమాపణ. సాల్వేషన్ ఆర్మీ 2010లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో, తన పిల్లల గృహాల్లో జరిగిన హింసకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మంచి పని చేసింది. ఆ నోటితోనే బాపట్ల వచ్చి ఒక మాట మాట్లాడమని అడగడం తప్పు కాదు. చట్టం చేసిన బ్రిటిషు సర్కారుది ఒక వంతు, దాని రిజిస్టర్లను వారసత్వంగా పుచ్చుకుని కొనసాగించిన మన సర్కార్లది ఇంకో వంతు. తమిళనాడులో పెరుంగామనల్లూరు అనే ఊరుంది. వేలిముద్రలు వేయమన్నందుకు 1920 ఏప్రిల్ 3న అక్కడి కళ్ళర్ల మీద కాల్పులు జరిపారు. పదహారు మంది చనిపోయారు. ఆ ఊళ్ళో వాళ్ళకు స్మారకం ఉంది, ఏటా జనం అక్కడికి పోతారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఈ చట్టం బాధితుల కోసం సర్కారు ఏం కట్టిందో వెతకండి.

మూడోది 1962 చట్టం. ఇది రెండు రాష్ట్రాల శాసనసభల చేతిలో పని. ఇక్కడ ఉన్న ఉద్యోగ సంఘాల నాయకులు మంత్రుల దగ్గరికి పీఆర్సీ కోసం పోయినప్పుడు ఈ కాగితం కూడా పట్టుకుపోవచ్చు.

ఇవన్నీ మెల్లగా అవుతాయి, అవ్వనివ్వండి. ఒక్కటి మాత్రం ఆగేది కాదు. 1947లో మద్రాసులో చట్టం పోయేనాటికి ఆరేళ్ళున్న పిల్లకు ఇప్పుడు ఎనభై దాటింది. ఆ హాజరు గంట చెవులారా విన్నవాళ్ళు, అమ్మను చూడటానికి అనుమతి అడిగిన రోజులు ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కెనడా కమిషన్ 6,000 మంది మాట విన్నది వాళ్ళు బతికి ఉండగానే. మనకు కమిషన్ లేదు, సర్కారు వేసేదాకా కూర్చుంటే వినడానికి మనుషులు ఉండరు.

అందుకని మేం ఒక చిన్న పని పెట్టుకున్నాం. స్టూవర్టుపురం, సీతానగరం, కప్పరాళ్ళతిప్ప వైపు పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేస్తున్నాం. వాళ్ళ ఇష్టం ఉంటేనే, వాళ్ళు ఆపమన్నచోట ఆపుతూ. రికార్డు వాళ్ళ ఇంట్లోనే ఒక ప్రతి ఉంటుంది, వాళ్ళు ఒప్పుకోకుండా అచ్చు కాదు. అడిగేవాళ్ళలో సగం మంది ఎరుకల యువకులే. మాకు చేతకానిది ఒకటుంది. మద్రాసు జీవోల పాత ఇంగ్లీషు, చేతిరాత చదివి తెలుగులో పెట్టేవాళ్ళు మా దగ్గర తక్కువ. మీలో ఉస్మానియాలో, నాగార్జునలో చరిత్ర చదువుతున్నవాళ్ళున్నారు. 610 జీవో లెక్కలు తీసిన చేతులున్నాయి. వేసవి సెలవుల్లో నెల రోజులు చెన్నై వచ్చి కూర్చోగలిగినవాళ్ళు పది మంది కావాలి. బస, భోజనం మేం చూసుకుంటాం, జీతం ఇవ్వలేం.

సభ అయిపోయాక ఎడమ వైపు గుమ్మం దగ్గర మా వాళ్ళు ఒక నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటారు. పేరు, ఊరు, ఫోను నంబరు రాసి వెళ్ళండి. ఎరుకల భాష వచ్చినవాళ్ళెవరైనా ఉంటే పేరు పక్కన ఆ సంగతి కూడా రాయండి, వాళ్ళకే మేం ముందు ఫోను చేస్తాం. సెలవు.